ఎలుక సాక్ష్యము

వైద్యము నిమిత్తము హైదరాబాదునకు వచ్చిన గ్రామస్థులలో పంజగుట్ట నెరుగనివారు తక్కువ. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ అచ్చటనే కలదు. దానికి కూతవేటు దూరమున, సోమాజిగూడలో, జీర్ణకోశ వ్యాధుల చికిత్సకు పేరొందిన ఆసియా జీర్ణకోశ వైద్యసంస్థ కలదు. పంజగుట్టను దాటి ఉత్తరముగా నడచినచో అమీరుపేట వచ్చును. ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లలు అచ్చటి వసతిగృహములలో వేలకొలదిగా నుందురు. కావున మన జిల్లాలలోని కుటుంబములకు ఈ రెండు పేటలును రెండు విధములుగా పరిచితములు. మనుమని చదువునకు అమీరుపేట, ఇంటివారి జబ్బునకు పంజగుట్ట.

నేను పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించి, విశ్రాంతి పొంది, అమీరుపేటలో కాపురమున్నవాడను. వైద్యుడను కాను. ఐనను ఊరివారెవరు ఆసుపత్రికి వచ్చినను నాకు కబురు చేయుదురు. గత వేసవిలో అట్లే నల్లగొండ జిల్లానుండి ఒక పెద్దాయన వచ్చెను. ఊరిలో పదిమందికి తగవులు తీర్చిన మనిషి. ఆయన నలువది యేండ్ల కుమారుడు కడుపునొప్పితో పంజగుట్ట ప్రాంతమందలి ఒక ఆసుపత్రిలో చేరియుండెను. క్లోమమునకు తీవ్రమైన వాపు వచ్చినదనియు, ఊపిరితిత్తులును మూత్రపిండములును దెబ్బతినుచున్నవనియు వైద్యులు చెప్పిరి. యంత్రముతో శ్వాస నడుచుచుండెను.

నేను వెళ్ళునప్పటికి పెద్దాయన ఆసుపత్రి వెలుపల ఒక చెట్టు క్రింద కూర్చుండియుండెను. అమీరుపేటలో చదువుకొనుచున్న ఆయన మనుమడు ప్రక్కన నిలిచియుండెను. ఆ పిల్లవాడు తన ఫోనులో ఏదో చదివి తాతకు వినిపించినాడట. ఈ వ్యాధి సోకిన ఎలుకలకు ఒక మందు నిచ్చిరనియు, ఎలుకలు బ్రదికినవనియు అందులో నుండెను. ఆ మందును వైద్యు లెందుకీయరని వారి ప్రశ్న.

"పంతులుగారూ! ఎలుకకు కుదిర్చిన మందు మనిషికేల ఇయ్యరు? మావాని ప్రాణము ఎలుక ప్రాణముకంటె తీసిపోయినదా?" అని ఆయన నన్నడిగెను.

ఆ ప్రశ్నకు ఆనాడు చెట్టు క్రింద నేను చెప్పినది కొంత; తరువాత చదివి తెలిసికొన్నది కొంత. ఈ రెండును కలిపి నేడు మీకు మనవి చేసెదను.

మొదట వ్యాధి సంగతి. కడుపులో జీర్ణాశయము వెనుక, వెన్నెముకను ఆనుకొని, జానెడు పొడవుగల మెత్తని గ్రంథి యొకటి కలదు. దానిని క్లోమ మందురు. వైద్యులు పాంక్రియాస్ అని పిలుతురు. దానికి రెండు పనులు. రక్తములోని చక్కెరను అదుపులో నుంచు ఇన్సులిన్‌ను తయారుచేయుట ఒకటి. మనము తిన్న మాంసమును, పప్పును, నూనెను కరగించు రసములను తయారుచేసి చిన్నపేగులోనికి పంపుట రెండవది. ఈ రసములు మాంసమును కరగించునవి గదా, మరి క్లోమమునే ఎందుకు కరగింపవు? మీరు పురుగుమందు డబ్బాను ఇంటినుండి పొలమునకు మూత బిగించి తీసికొనిపోయి, పొలములోనే విప్పుదురు. ప్రకృతియు నట్లే చేసినది. ట్రిప్సిన్ మొదలైన రసములు క్లోమములో మూత బిగించిన స్థితిలో నుండును. చిన్నపేగును చేరిన తరువాతనే వాటి మూత విడును.

ఏ కారణము చేతనైన ఆ మూత క్లోమములోనే విడినచో, గ్రంథి తన్ను తానే కరగించుకొన నారంభించును. అదియే తీవ్ర క్లోమశోథము. పిత్తాశయమునుండి జారిన రాయి నాళమున కడ్డుపడుటయు, అతిగా మద్యము త్రాగుటయు దీనికి ముఖ్యకారణములు. రక్తములో క్రొవ్వు మిక్కిలి హెచ్చుట, కొన్ని మందులు, కడుపునకు దెబ్బ తగులుట మొదలైనవియు కలవు. పైకడుపున పుట్టిన నొప్పి వీపునకు పాకును; వాంతులగును. రోగులలో నూటికి సుమారు 80 మందికి ఇది కొలది దినములలో తగ్గిపోవును. మిగిలినవారికి తగులబడిన ఇంటినుండి పొగ ఊరంతయు క్రమ్మినట్లు, క్లోమములో పుట్టిన విషపదార్థములు రక్తములో కలిసి దేహమంతట వ్యాపించును. సన్నని రక్తనాళములు నీటిని నిలుపుకొనజాలక కారును. ఊపిరితిత్తులు నీటితో నిండును, మూత్రము తగ్గును, రక్తపుపోటు పడిపోవును. ఇట్టి అవయవ వైఫల్యము 48 గంటలకు మించి నిలిచినచో వ్యాధిని తీవ్రమైనదిగా నెంచవలెనని 2012లో ప్రపంచ వైద్యులు అంగీకరించిన నిర్ణయము. అట్టివారిలో మూడవవంతు వరకు మరణించుటయు కలదు. పెద్దాయన కుమారుడు ఆ జాబితాలోనివాడే.

ఇక జంతువుల అవసర మెందుకు కలిగినది? మనిషి క్లోమము లోతుననున్నది. వ్యాధి సోకిన మొదటి గంటలలో దానిని కోసి చూచుటకు వీలులేదు. రోగి ఆసుపత్రికి వచ్చునప్పటికే కథ సగము నడచియుండును. ఇల్లు కాలిన తరువాత వచ్చినవానికి నిప్పు ఏ మూల అంటుకొన్నదో తెలియదు గదా! కావున మొదటినుండి చూచుటకై శాస్త్రజ్ఞులు జంతువులలో ఈ వ్యాధిని కల్పించి పరిశీలింప మొదలిడిరి.

ఈ ప్రయత్నమునకు నూటయరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. 1856లో ఫ్రాన్సు దేశపు క్లాడ్ బెర్నార్డు కుక్క క్లోమనాళములోనికి ఆలివు నూనెను ఎక్కించి, ఆ గ్రంథికి వాపు పుట్టించెను. 1889లో అమెరికాలోని బోస్టనులో రెజినాల్డు ఫిట్జ్ అను వైద్యుడు మనుష్యులలో ఈ వ్యాధి లక్షణములను మొదటిసారి సమగ్రముగా వర్ణించెను. 1901లో అదే దేశమున యూజీన్ ఓపీ అను వైద్యుడు మరణించిన ఒక రోగి దేహమును పరీక్షించుచు, పిత్తనాళము, క్లోమనాళము కలియుచోట చిన్న రాయి యొకటి చిక్కియుండుట చూచెను. పిత్తము వెనుకకు పోయి క్లోమములో ప్రవేశించినదా యని అనుమానించి, కుక్క క్లోమనాళములోనికి పిత్తమును ఎక్కించి చూడగా, అదే విధమైన నాశము కనిపించెను.

నేడు హెచ్చుగా వాడబడునవి ఎలుకలు, చిట్టెలుకలు. వాటిలో వ్యాధిని పుట్టించు మార్గములు పలువిధములు. ఆస్ట్రేలియా దేశపు ఒక పచ్చని చెట్టుకప్ప చర్మములో సెరూలిన్ అను పదార్థము కలదు. భోజనానంతరము మన పేగులోనే పుట్టి, క్లోమమును రసము వదలుమని ప్రేరేపించు ఒక పదార్థమును అది పోలియుండును. దానిని మోతాదుకు మించి గంటగంటకు సూదిమందుగా ఇచ్చినచో, క్లోమము త్రోవ తప్పి వాచును. ఈ పద్ధతి 1977 నుండి వాడుకలో నున్నది. రెండవది, ఓపీ చూపిన త్రోవ: పిత్తములోని లవణమును ఎలుక నాళములోనికి ఎక్కించుట. ఇది క్రూరమైన వ్యాధిని కలిగించును, ఊపిరితిత్తులును చెడును. మూడవది, ఆర్జినైన్ అను పదార్థమును అధికముగా ఇచ్చుట. నాల్గవది, ఒక పోషకమును తీసివేసి, ఒక విషమును చేర్చిన ఆహారమును పెట్టుట. ఇది చిన్నవయసు ఆడ చిట్టెలుకలకే ప్రాణాంతకముగా నుండును.

ఇంతవరకు విని పెద్దాయన, "ఇన్ని విధములెందుకు? ఒకటి చాలదా?" అని అడిగెను.

"పెద్దయ్యా! ఒక తగవులో మీరు ఒక్క సాక్షినే విచారించి తీర్పు చెప్పుదురా?" అంటిని.

"చెప్పను. ఒకడు గట్టు మీద నుండి చూచియుండును. ఒకడు బావి కడ నుండి. ఎవడు చూచినది వానినే అడుగవలెను."

ఈ జంతువుల సంగతియు సరిగా అంతే. సెరూలిన్ ఇచ్చిన చిట్టెలుక, వ్యాధి మొదటి గంటలలో కణము లోపల ఏమి జరుగునో చెప్పగలదు. కాని దాని జబ్బు చాలవరకు తేలిక. కొలది దినములలో దానంతట అదే కోలుకొనును. అట్టి సాక్షిని, "ఈ మందు మనిషిని మరణమునుండి తప్పించునా?" అని అడుగుట తగదు. పిత్తలవణ మెక్కించిన ఎలుక ఊపిరితిత్తుల సంగతి చెప్పగలదు. కాని దానికి కత్తిగాటు పడినది, మత్తుమం దిచ్చినది, వ్యాధి నిముషములలో విరుచుకొనిపడినది. మనిషికి ఇట్లు జరుగదు. పైగా ఎలుకకు పిత్తాశయమే లేదు! పిత్తాశయపు రాళ్ళ సంగతి దాని కెట్లు తెలియును?

మద్యము విషయము మరియు విచిత్రము. ఎలుకకు సారాయి ఎంత పట్టించినను, దానితోనే క్లోమశోథము రాదు. మద్యముతోపాటు మరియొక దెబ్బ తగిలినపుడే వ్యాధి తీవ్రమగును. దీనిని విని మద్యము నిర్దోషి యని ఎవరైన వాదించినచో నమ్మకుడు. ఎలుక చూడలేదనుట వేరు, జరుగలేదనుట వేరు. ఆసుపత్రులలోని వేలమంది రోగులు మద్యమునకు విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నారు. త్రాగువారందరికీ ఈ వ్యాధి ఎందుకు రాదో, కొందరికే ఎందుకు వచ్చునో ఆలోచించుటకు మాత్రము ఎలుక మాట పనికివచ్చును.

జంతువు సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చునో మన హైదరాబాదు నగరమే పూర్వము రెండుమార్లు నేర్చుకొన్నది. ఈ రెండు కథలును మీరు వినదగినవి.

మొదటిది క్లోరోఫారము కథ. శస్త్రచికిత్సకు మత్తు కొరకు క్లోరోఫారము ఇచ్చునపుడు కొందరు రోగులు బల్లమీదనే మరణించుచుండిరి. ముందు ఆగునది ఊపిరియా, గుండెయా? ఈ ప్రశ్న తేల్చుటకై 1888లోను, మరల 1889లోను, నిజాము మహబూబ్ అలీ ఖాను ప్రభుత్వపు ధనముతో ఇచ్చట విచారణసంఘములు ఏర్పడెను. ఎడ్వర్డు లారీ అను వైద్యుడు వీనికి నాయకుడు. రెండవ సంఘమునకు లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. వందలకొలది కుక్కలు మొదలగు జంతువులకు క్లోరోఫారమిచ్చి చూచి, ముందు ఆగునది ఊపిరియే యనియు, ఊపిరిని కనిపెట్టుకొనియున్నచో గుండెకు భయము లేదనియు వారు ప్రకటించిరి. కాని మనుష్యులు అకస్మాత్తుగా గుండె యాగి మరణించుట మానలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులలో అసలు సంగతి కనుగొనెను. మత్తు తేలికగా నున్నపుడే గుండె లయ తప్పి ఆకస్మికముగా నిలిచిపోవచ్చును. హైదరాబాదు కుక్కలకు నిండుగా మత్తు నిచ్చిరి గనుక ఆ సంగతి వాటిలో కనబడలేదు. సాక్షులు అబద్ధమాడలేదు, అడిగిన ప్రశ్న చిన్నది, వ్రాసిన తీర్పు పెద్దది.

రెండవ కథ అమీరుపేటకు ప్రక్కనే బేగంపేటలో జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన ఒక దోమ పొట్టగోడలో ఆ వ్యాధి క్రిములను చూచెను. ఆ కట్టడము నేటికిని కలదు. ఆ క్రిమి దోమలోనుండి మరల ఎట్లు బయలుపడునో తెలిసికొనుట మనుష్యులతో సాధ్యపడలేదు. మరుసటి యేట, కలకత్తాలో, పక్షులకు వచ్చు మలేరియాను చేపట్టెను. క్రిమి దోమ పొట్టనుండి లాలాజల గ్రంథిని చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పక్షిలో ప్రవేశించుననియు పక్షులలో నిరూపించెను. 1902లో నోబెలు బహుమానము పొందెను. కాని పక్షుల మలేరియాను మోయు దోమ జాతి వేరు, మనుష్యుల మలేరియాను మోయు అనాఫిలిస్ జాతి వేరు. త్రోవను పక్షి చూపినది. ఆ త్రోవన నడచు దోమ యేదో మాత్రము మనుష్యులలోనే తేల్చవలసివచ్చెను. 1898 సంవత్సరాంతమున ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ పని పూర్తిచేసిరి. సాక్షిని తగిన ప్రశ్న అడిగి, చెప్పిన మాటను మరల మనుష్యులలో సరిచూచినందున ఇది సుఖాంతమైనది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వత్తును. ఎలుకను బ్రదికించిన మందులు మనుష్యులకిచ్చి చూచినారా? చూచినారు. లెక్సిపఫాంట్ అను మందు క్లోమశోథములో పుట్టు మంటను అణచునని జంతువులలో కనబడెను. దానిని బ్రిటనులో సుమారు 290 మంది రోగులలో పరీక్షించి, 2001లో ఫలితము ప్రకటించిరి. మందు పుచ్చుకొన్నవారికిని, ఉత్తినీరు పుచ్చుకొన్నవారికిని అవయవ వైఫల్యము ఇంచుమించు సమానముగానే వచ్చెను. కారణమేమి? పరీక్షలో చేరునాటికే నూటికి 44 మందికి ఏదో ఒక అవయవము దెబ్బతినియే యుండెను. దొంగలు పోయిన తరువాత తలుపు గడియ వేసినట్లైనది.

ఇంతకంటె దుఃఖకరమైన కథ నెదర్లాండ్సు దేశములోనిది. తీవ్ర క్లోమశోథములో పేగులలోని సూక్ష్మజీవులు గోడ దాటి, చచ్చిన క్లోమమాంసములో చేరి చీము పట్టించునని జంతువులలో తెలిసినది. అందుచే మన పెరుగులోని వానివంటి మేలుచేయు సూక్ష్మజీవులను ఇచ్చినచో చెడ్డవి అణగునని అనుకొనిరి. ఎలుకలలో అది మేలుచేసినది. ఎవరికిని అపాయముగా తోచలేదు. దాదాపు 300 మంది రోగులను రెండు భాగములు చేసి పరీక్షించిరి. 2008లో లెక్క తేలినది. ఆ సూక్ష్మజీవులు పుచ్చుకొననివారిలో 9 మంది మరణించిరి. పుచ్చుకొన్నవారిలో 24 మంది మరణించిరి. పేగునకు రక్తము చాలక కొందరి పేగులు చచ్చిపోయినవి.

నే నీ లెక్క చెప్పగా పెద్దాయన చాలసేపు మాటాడలేదు. తుదకు మనుమని వైపు తిరిగి, "విన్నావా? ఆ ఇరువదినలుగురికిని తండ్రులుండిరి," అనెను.

ఎలుకల మాటను మనుష్యులలో తప్పక సరిచూడవలెననుటకు ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు. ఆ పరీక్ష జరుగకున్నచో, పెరుగువంటి సూక్ష్మజీవు లెవరికి చెరుపు చేయునని తలచి ప్రతి ఆసుపత్రిలోను ఇచ్చుచుండెడివారేమో!

ఎలుకకును మనిషికిని ఈ భేద మెక్కడినుండి వచ్చినది? ప్రయోగశాలలోని ఎలుకలు ఒకే వయసువి, ఒకే జాతివి, ఒకే తిండి తిన్నవి. మన రోగులలో ఇరువదియేండ్లవాడును ఉండును, డెబ్బదియేండ్లవాడును ఉండును. మధుమేహము గలవారు, స్థూలకాయులు, యేండ్లతరబడి త్రాగినవారు ఉందురు. ఐనను అన్నిటికంటె పెద్ద భేదము కాలము. ఎలుకకు వ్యాధి మొదలైన నిముషము శాస్త్రజ్ఞునికి తెలియును, తానే పుట్టించెను గనుక. పెక్కు ప్రయోగములలో మందును వ్యాధికి ముందుగానే, లేదా వెంటనే, ఇత్తురు. మనిషి మాత్రము ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట వచ్చును.

దీనికి అనుకూలమైన నిదర్శనము ఒకటి కలదు. నోటిగుండ గొట్టమును పంపి పిత్తనాళములోని రాళ్ళను తీయు చికిత్స యొకటి పంజగుట్ట, సోమాజిగూడ ఆసుపత్రులలో నిత్యము జరుగుచుండును. ఆ చికిత్స వలననే కొందరికి క్లోమశోథము వచ్చును. అచ్చట దెబ్బ తగులు క్షణము వైద్యునికి ముందే తెలియును. ఇండోమెథసిన్ అను చౌకైన మందును ఆసన్నద్వారమున ఆ సమయముననే ఉంచి, అమెరికాలో సుమారు 600 మందిని పరీక్షించిరి. 2012లో ఫలితము ప్రకటింపబడినది. మందు లేనివారిలో నూటికి 17 మందికి, మందుగలవారిలో నూటికి 9 మందికి వ్యాధి వచ్చెను. వేళకు అందిన మందు పనిచేసినది.

మనుష్యులను మనుష్యులలోనే పరిశీలించుటయు హైదరాబాదునకు తెలిసిన విద్యయే. ఇచ్చటి కణ, అణుజీవశాస్త్ర కేంద్రమువారును, ఆసియా జీర్ణకోశ వైద్యసంస్థవారును కలిసి, ఉష్ణదేశములలో వచ్చు దీర్ఘకాలిక క్లోమవ్యాధి రోగుల రక్తమును పరీక్షించిరి. ట్రిప్సిన్ మూత విడకుండ కాపాడు ఒక జన్యువులో లోపము వారిలో హెచ్చుగా నున్నదని 2002లో ప్రకటించిరి. తరువాత జపానులో అదే పనిచేయు జన్యువును చిట్టెలుకలలో తొలగించి చూడగా, వాటి క్లోమము క్షీణించి, పుట్టిన కొలది దినములకే అవి చచ్చెను. మనిషి మాటను ఎలుక బలపరచినది. రెండు సాక్ష్యములు ఇట్లు కలిసినపుడే తీర్పు గట్టిపడును.

ఇంకొక సంగతి మీ మనసులలో మెదలుచుండును. మూగజీవములను ఇట్లు బాధింపవచ్చునా? నాకును ఆ సంకోచము కలదు. ఈ నొప్పిని ఎరిగిన రోగి దీనిని మరువలేడు. ఎలుకకు ఇంతకంటె తక్కువ యని తలచుటకు ఆధారము లేదు. మన దేశపు 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ఇట్టి ప్రయోగములకు హద్దులు విధించినది. మానదగినచో ప్రయోగమును మానవలెను. చిన్న జంతువుతో సాధ్యమైనచో పెద్ద జంతువును ముట్టరాదు. చేతిపని నేర్చుకొనుటకే చేయరాదు. జంతువునకు బదులు వేరొకటి వెదకుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట యను మూడు సూత్రములను 1959లో ఇంగ్లండులో ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పిరి. నేడు లోకమంతయు వానిని అంగీకరించినది. నేను నాలుగవది చేర్చుదును: తప్పు ప్రశ్న అడిగి ఒక జీవమును చంపుట రెండింతల పాపము. ఆ జీవమునకును న్యాయము జరుగలేదు, రోగికిని జరుగలేదు.

ఈనాటికిని తీవ్ర క్లోమశోథమును నేరుగా అణచు మందు ఏదియు స్థిరపడలేదు. వైద్యులు చేయునది ఏమనగా: నొప్పి తగ్గించుట, తగినంత మాత్రమే సెలైను నీరు ఎక్కించుట, ప్రాణవాయువు నిచ్చుట, వీలైనంత త్వరగా నోటిద్వారానో గొట్టముద్వారానో ఆహార మిచ్చుట, దెబ్బతిన్న అవయవములను అవి కోలుకొనువరకు ఆదుకొనుట. సెలైను ఎంత హెచ్చుగా ఎక్కించిన అంత మేలని పూర్వ మనుకొనిరి. మన దేశము కూడ పాల్గొన్న పరీక్ష యొకటి 2022లో అది తప్పని తేల్చినది. హెచ్చుగా ఎక్కించినవారిలో నూటికి 20 మందికి ఒంటిలో నీరు నిలిచి అపాయము కలిగెను. మితముగా ఎక్కించినవారిలో 6 మందికి మాత్రమే. కావున "ఇంకొక సీసా ఎక్కించుడు" అని వైద్యుని బలవంతపెట్టుట మేలు కాదు.

పెద్దాయనను నేనొక ప్రశ్న అడిగితిని. "మీవానికి నొప్పి ఎప్పుడు మొదలైనది?"

ఆసుపత్రిలో చేర్చునపుడు ఇంటివారు "నిన్నటినుండి" అని వ్రాయించిరి. ఆయన తలవంచుకొని నిజము చెప్పెను. నిన్న కాదు, దానికి ముందురాత్రి, రెండవ ఆట విడిచిన వేళ. త్రాగి వచ్చెను. నొప్పియని పొర్లుచుండగా వాయువని తలచి సోడా త్రాగించిరి. మరునాడు ఊరిలో ఒకరిచేత సూదిమందు వేయించిరి. త్రాగిన సంగతి బయటపడునేమో యని నొప్పి వేళను దాచిరి. అట్లు కొంత కాలము లెక్కలోనుండి జారిపోయినది. నే నాయనను తప్పుపట్టలేదు. ఏ తండ్రియైన కొడుకు పరువు కాపాడవలెననియే చూచును. ఆయన లేచి లోనికి పోయి, వైద్యునితో ఉన్నది ఉన్నట్లు చెప్పి వచ్చెను.

ఆ కుమారుడు ఆరువారములు ఆసుపత్రిలో నుండి బ్రదికి బయటపడెను. మందు కాదు, ఓపికతో చేసిన సేవయే బ్రదికించినదని వైద్యులే చెప్పిరి. నడుచుటకు మరి రెండు నెలలు పట్టినది. మద్యము మానెను.

శ్రోతలారా! ఎలుక విషయమున శాస్త్రజ్ఞునికి గడియారము తెలియును. మనిషి విషయమున ఆ గడియారము ఇంటి పెద్దల చేతిలో నున్నది. పైకడుపున భరింపరాని నొప్పి పుట్టి, వీపునకు పాకి, వాంతులు ఆగకున్నచో, తెల్లవారనిమ్మని కూర్చుండకుడు. రక్తపరీక్ష చేయగల ఆసుపత్రికి ఆ పూటనే తీసికొనిపొండు. నొప్పి ఏ గంటకు మొదలైనదో, రోగి ఏమి త్రాగెనో, ఏమి తినెనో దాచక చెప్పుడు. పిత్తాశయపు రాళ్ళ వలన ఒకమారు ఈ వ్యాధి వచ్చి తగ్గినచో, మరల రాకుండ ఆ పిత్తాశయమును తీయించుకొనుటకు వైద్యుని అడుగుడు. ఎలుకలకు నయమైనదను వార్త ఎవరైన చదివి వినిపించినచో, "మనుష్యులలో సరిచూచినారా? నొప్పి మొదలైన ఎన్ని గంటలకు ఇచ్చిరి?" అని ఈ రెండు ప్రశ్నలు వేయుడు. ఆ ప్రశ్నలు వేయుటకు పెద్ద చదువు అక్కరలేదు. రచ్చబండ మీద కూర్చుండి సాక్షులను విచారించిన మీ అనుభవమే చాలును.